పక్షిశాస్త్రవేత్త సలీం అలీ

మాఘము గడచి ఫాల్గుణము వచ్చుసరికి మన ఉత్తర తెలంగాణమున రెండు వింతలు కానవచ్చును. ఆదిలాబాదు అడవులలో టేకు మున్నగు చెట్లు ఆకు రాల్చి బోడిగా నిలిచియుండగా, వాని నడుమ మోదుగులు నిండుగ పూచి అడవికి నిప్పంటుకొన్నదా యను భ్రమ గొల్పును. ఆ పూలమీదను, బూరుగుపూల మీదను గులాబివన్నె గోరువంకలు వందలకొలదిగా వ్రాలి, తేనె త్రాగుచు, కలహించుకొనుచు, తలలకు పుప్పొడి పూసికొని చెట్టునుండి చెట్టునకు ఎగురుచుండును. ఇది మొదటి వింత. రెండవది వాని అదృశ్యము. ఏప్రిలు ముగియులోపల ఆ గుంపులు కానరావు. శీతకాలమంతయు గోదావరి ఇసుకతిన్నెలపై జంటలు జంటలుగా తిరుగాడిన జక్కవలును, మానేరు ఒడ్డున తోకలాడించుచు పరుగులు తీసిన కాటుకపిట్టలును, చెరువులలో గుంపులుగా తేలియాడిన బాతులును అట్లే మాయమగును.

ఇవి ఎచటికి పోవును? మన పూర్వకవులకు ఈ రాకపోకలు తెలియకపోలేదు. కాటుకపిట్టను, అనగా ఖంజరీటమును, శరదృతువుతో ముడిపెట్టి వారు వర్ణించిరి. నిజముగనే అది వానలు తగ్గిన పిమ్మట మన ప్రాంతమునకు వచ్చును. హంసలు మానససరోవరమునకు ప్రయాణమగుటను కాళిదాసు మేఘసందేశములో చెప్పెను. కాని ఏ పక్షి ఏ తేదీన వచ్చినది, ఏ దారిని పోయినది, ఎంత దూరము ఎగిరినది అని లెక్క వ్రాసి ఉంచు ఆచారము మనకు లేకపోయెను. 19వ శతాబ్దమున కొందరు ఆంగ్లేయోద్యోగులు ఆ పని మొదలుపెట్టిరి. నెల్లూరులో వైద్యుడుగా ఉండిన జెర్డను వారిలో ఒకడు. ఆయన పేరు ఈ కథలో మరల వచ్చును, గుర్తుంచుకొనుడు. భారతీయులలో ఈ పనికి తన జీవితమంతయు ధారవోసినవారిలో అగ్రగణ్యుడు సలీం అలీ.

సలీం అలీ 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. తోబుట్టువు లందరిలో ఆయనయే కడగొట్టువాడు. పుట్టిన ఏడాదికే తండ్రి మొయిజుద్దీను మరణించెను. మూడేండ్ల వయస్సున తల్లియు పోయెను. తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీను త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచిరి. వారికి సంతానము లేదు. ఆ ఇల్లు ఎప్పుడును మేనల్లుళ్లతోను మేనకోడళ్లతోను నిండియుండెడిది. స్వాతంత్ర్యోద్యమమున పేరుగాంచిన అబ్బాసు త్యాబ్జీ ఆ కుటుంబమువాడే.

అమీరుద్దీను వేటయందు ప్రీతిగలవాడు. ఆయన పిల్లవానికి ఒక గాలితుపాకిని బహూకరించెను. బాలుని వేట అంతయు ఇంటిచుట్టు తిరుగు పిచ్చుకలమీదనే. పది పండ్రెండేండ్ల ప్రాయమున ఒకనాడు ఆయన కొట్టిన పిచ్చుక ఒకటి తక్కిన వానివలె లేదు. ఊరపిచ్చుక వలెనే ఉన్నది గాని, గొంతుక్రింద పసుపు పూసినట్లొక మచ్చ యున్నది. ఇది ఏమి పక్షియని బాలుడు మామను అడిగెను. మామకును తెలియలేదు. మరియొక ఇంట నైనచో దాని నవతల పారవేసి చదువుకొమ్మని గద్దించియుందురు. అమీరుద్దీను అట్లు చేయలేదు. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము, అనగా బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ, అను సంస్థ 1883లో ఆ నగరమున ఏర్పడియుండెను. ఆయన అందు సభ్యుడు. ఆ సంఘపు కార్యదర్శియగు మిల్లర్డు దొరకు ఒక ఉత్తరము వ్రాసి పిల్లవాని చేతికిచ్చి పంపెను.

బాలుడు చచ్చిన పిచ్చుకను కాగితపు పొట్లములో పెట్టుకొని భయపడుచు పోయెను. ఆ కాలమున దొరల కార్యాలయములో అడుగుపెట్టుట పెద్దలకే సంకోచము. మిల్లర్డు ఆ పక్షిని చూడగనే అది పసుపుగొంతు పిచ్చుక యని చెప్పి, బీరువాల అరలు లాగి, దేశమున దొరకు పిచ్చుకజాతులన్నిటి చర్మములను వరుసగా చూపెను. చదువుకొనుటకు పుస్తకములిచ్చెను. పక్షి చర్మమునొలిచి, దూది కూరి, చెడకుండ నిలువచేయు విద్యను నేర్పించెను. ఆ అరలలోని పక్షుల వరుసలు చూచిన దినమున బాలుని బ్రతుకుదారి మలుపు తిరిగెను. తన ఆత్మకథకు ఒక పిచ్చుక నేలకూలుటను సూచించు పేరునే ఆయన 1985లో పెట్టుట గమనింపదగినది.

చదువులో ఆయన మెరికకాడు. మీరు ఇది విని సంతోషింపవలదు! తలనొప్పి జబ్బు వలన కొంతకాలము బడి మాని సింధు దేశమున బంధువులయొద్ద ఉండవలసి వచ్చెను. 1913లో మెట్రిక్యులేషను పరీక్ష ఎట్లో గట్టెక్కెను. కళాశాలలో చేరి గణితమునకు బెదరి మానివేసెను. అటుపిమ్మట బర్మాలోని తవోయిలో కుటుంబమువారి గనుల వ్యాపారమును, కలప వ్యాపారమును చూచుకొనుటకు పోయెను. అచట అడవులున్నవి, అడవులలో పక్షులున్నవి. ఇక వ్యాపారము సాగుటెట్లు? 1917లో తిరిగి వచ్చి, ఒక వంక వాణిజ్యవిద్యను, మరియొక వంక సెయింట్ జేవియర్సు కళాశాలలో జంతుశాస్త్రమును చదివెను. శాస్త్రమును నేర్చెను గాని విశ్వవిద్యాలయపు పట్టము మాత్రము పొందలేదు. 1918 డిసెంబరులో తెహ్మీనా అను బంధువుల కన్యను వివాహమాడెను.

పట్టము లేమి ఆయనను చాలకాలము బాధించెను. భారత జంతుశాస్త్ర పరిశీలన శాఖలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగము ఖాళీయైనప్పుడు ఆయనకు పట్టము లేదను కారణమున అది దక్కలేదు. తుదకు 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్సు మ్యూజియములో సందర్శకులకు వివరించి చెప్పు ఉపన్యాసకుని పని నెలకు 350 రూపాయల జీతముపై లభించెను.

ఆ రోజులలోనే జరిగిన ఒక సంగతి చెప్పవలెను. పసుల పోలిగాని జాతిలో ఒక పెద్ద పక్షి కలదు. దాని తోకనుండి రెండు సన్నని తీగలవంటి ఈకలు వ్రేలాడును. వాని కొనలందు మాత్రము చిన్న కుచ్చువంటి ఆకు ఉండును. హ్యూ విస్లరు అను ఆంగ్లేయుడు, పంజాబు పోలీసు శాఖలో అధికారి, పక్షిశాస్త్రమున పేరు మోసినవాడు, 1929లో ప్రకటించిన ఒక వ్యాసమున ఆ కుచ్చు ఈకకు ఒక ప్రక్కనే ఉండునని వ్రాసెను. సలీం అలీ ఆ పక్షుల ఈకలను చేతబట్టి చూచినవాడు. ఇది పాతగ్రంథములనుండి ఒకరిని చూచి ఒకరు వ్రాయుచు వచ్చిన పొరపాటని ఆయన సంఘపత్రికకు వ్రాసెను. పేరు తెలియని ఒక భారతీయుడు తన తప్పు పట్టుట విస్లరుకు మొదట కోపము కలిగించెను. సంపాదకులకు ఎత్తిపొడుపు ఉత్తరములు వ్రాసెను. కాని పిమ్మట తనయొద్దనున్న పక్షిచర్మములను మరల తీసి పరిశీలించి, సలీం అలీ చెప్పినదే నిజమని ఒప్పుకొనెను. అది మొదలు వారిద్దరును ప్రాణమిత్రులైరి. ఆంగ్లేయులు పాలకులుగా నున్న దినములలో ఈ ఒప్పుకోలు చిన్న విషయము కాదు. నా దృష్టిలో ఇందు ఇద్దరికిని సమానమైన గౌరవము చెందవలెను.

1928లో సలీం అలీ సెలవు పెట్టి జర్మనీకి పోయి, బెర్లిను విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో స్ట్రెసెమాను అను మహాపండితునియొద్ద శిష్యరికము చేసెను. ఆయనను సలీం అలీ జీవితాంతము తన గురువుగా తలచెను. ఉత్తర సముద్రములోని హెలిగోలాండు ద్వీపమున వలసపక్షులను వలలతో పట్టి, కాళ్లకు ఉంగరములు తొడిగి విడిచిపెట్టు పద్ధతిని కన్నులార చూచెను. విద్య ముగించుకొని 1930లో ఉత్సాహముతో స్వదేశమునకు వచ్చుసరికి, డబ్బు లేదను నెపమున మ్యూజియములో ఆయన ఉద్యోగమునే రద్దుచేసి యుండిరి.

వయస్సు 34 ఏండ్లు. చేతిలో పట్టము లేదు. ఉద్యోగము లేదు. పక్షులను చూచుట తప్ప మరి ఏ పనియు చేతగాదు. చేయునది లేక భార్యాభర్తలు బొంబాయికి సమీపమున సముద్రపుటొడ్డునగల కిహీము అను పల్లెలోని ఒక చిన్న ఇంటికి చేరిరి. ఇంటిదగ్గరనే చెట్టుమీద గిజిగాండ్లు గూళ్లు కట్టుచుండెను. మన ఊళ్లలో బావిమీదికి వంగిన తుమ్మకొమ్మలకు, ఈతమట్టలకు వ్రేలాడు గిజిగాని గూళ్లను మీరందరును చూచియుందురు. సలీం అలీ వానియెదుట నెలల తరబడి కూర్చుండి, అంతకుముందెవ్వరును సరిగా కనిపెట్టని సంగతి నొకటి కనిపెట్టెను. మగపక్షి గూడును సగము అల్లి ఆపును. ఆడపక్షి వచ్చి ఆ సగము గూటిని పరీక్షించును. నచ్చినచో అందు ప్రవేశించును, నచ్చకున్న ఎగిరిపోవును. ఆడుది ఒప్పుకొన్న తరువాతనే మగది గూటిని పూర్తిచేసి క్రిందికి గొట్టము వంటి దారి అల్లును. ఆడుది గ్రుడ్లు పెట్టి పొదుగుచుండగా మగది ఇంకొక గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడుదానిని ఆకర్షించును. ఉద్యోగము పోయినవాడు ఊరక కూర్చుండక వ్రాసిన ఆ వ్యాసము ఆయనకు శాస్త్రలోకమున పేరు తెచ్చెను.

పేరు వచ్చెను గాని జీవనము గడచుటెట్లు? ఆ కాలమున మన దేశమున అనేక సంస్థానములుండెను. వానిలో ఏ పక్షులున్నవో క్రమముగ ఎవ్వరును చూడలేదు. సలీం అలీ ప్రకృతిచరిత్ర సంఘమునకు ఒక ఉపాయము చెప్పెను. సంస్థానాధీశులు ప్రయాణపు ఖర్చును, డేరాల ఖర్చును భరించినచో తాను జీతము తీసికొనకయే పక్షుల పరిశీలన చేసి పెట్టెదనని ఆయన తెలిపెను. దీనికి మొదట ఒప్పుకొన్నది నైజాము ప్రభుత్వము. ఆ విధముగ 1931, 1932 సంవత్సరములలో హైదరాబాదు సంస్థాన పక్షిపరిశీలన జరిగెను.

హైదరాబాదు సంస్థానము నాడు సుమారు 82,000 చదరపు మైళ్ల రాజ్యము. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాట్లాడు ప్రాంతములు అందు కలిసియుండెను. ఉత్తరమున ప్రాణహిత ఒడ్డునుండి దక్షిణమున కృష్ణాతీరమందలి నల్లమల అడవుల వరకు అది వ్యాపించియుండెను. మన ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలు దాని ఉత్తరభాగము. నేటివలె తారురోడ్లు లేవు. శ్రీరాంసాగరము లేదు, దిగువ మానేరు ఆనకట్ట లేదు. అడవిలో ఎడ్లబండి పోయినంత దూరము బండి, ఆపైన కాలినడక. చలిజ్వరము ప్రతి అడవిపల్లెలోను కాపురముండెను. ఇట్టి యాత్రలలో తెహ్మీనా భర్తవెంట నుండెను. ఆమె ఇంగ్లండులో చదువుకొన్న సంపన్నుల ఇంటి బిడ్డ. అయినను డేరాలోని జీవనమునకు వెనుదీయలేదు. మకాము ఏర్పాట్లు ఆమె చూచుకొనెడిది. భర్త వ్రాసిన ఇంగ్లీషు వాక్యములను చదివి సరిదిద్దునదియు ఆమెయే. సలీం అలీ పుస్తకములలోని తేటశైలికి ఆమెయే కారణమని చెప్పవచ్చును.

పరిశీలన యనగా ఏమి చేయుదురు? తెల్లవారకముందే లేచి అడవిలోనికి పోవలెను. కన్నులకు కనబడినదానిని, చెవులకు వినబడినదానిని పుస్తకములో వ్రాసికొనవలెను. కొన్ని పక్షులను తుపాకితో కొట్టి తేవలెను. ఇచట మీలో కొందరికి మనస్సు చివుక్కుమనవచ్చును. పక్షులను ప్రేమించువాడు పక్షులను చంపుట ఏమి? నేటి పరిశోధకులు దూరదర్శినితోను, ఛాయాచిత్రములతోను పని జరుపుకొందురు. ఆ కాలమున ఒకే పోలికగల రెండు జాతులను వేరుచేయుటకు పక్షి చేతిలో ఉండక తప్పదు. అవసరమునకు మించి కొట్టరాదను నియమము ఆయనకుండెను. ప్రతి చర్మమునకును ఒక చీటి కట్టి, దానిపై తేదీ, స్థలము, ఆడుదో మగదో, కన్ను రంగు, ముక్కు పొడవు, రెక్క పొడవు వ్రాయవలెను. కడుపులో ఏ గింజలున్నవి, ఏ పురుగులున్నవి చూచి అదియు వ్రాయవలెను. రైతునకు ఏ పక్షి మేలు చేయునో, ఏది కీడు చేయునో ఆ కడుపులోని మెతుకులే సాక్ష్యము చెప్పును. గులాబివన్నె గోరువంక మన జొన్నచేలలో పడి గింజలను తినును. రైతులు వడిసెల రాళ్లతో వానిని తోలుదురు. అదే పక్షి తన జన్మస్థలమగు మధ్య ఆసియా మైదానములకు పోయి రాళ్లగుట్టలలో గూడుకట్టి, పిల్లలను మిడుతలతో పెంచును. ఒక్క ఊరి చేనిగట్టున నిలిచి దానిని దొంగ యని తీర్పు చెప్పుట తొందరపాటగును.

వసంతకాలపు పరిశీలనకు ఒక ప్రత్యేకమైన విలువ కలదు. శీతకాలమున మన చేలగట్లమీద తిరుగు పసుపుజాతి కాటుకపిట్టలు అన్నియు ఇంచుమించు ఒకే రీతిగ, వెలసినట్లుండును. ఫాల్గుణ చైత్రములలో అవి పాత ఈకలను విడిచి పెండ్లిబట్టలు కట్టుకొనును. అప్పుడు ఒకదాని తల నల్లగాను, ఒకదాని తల బూడిదరంగుగాను, మరియొకదాని తల పసుపుగాను మారును. ఏది ఏ దేశమునుండి వచ్చినదో చెప్పుటకు వీలగును. తిరుగుప్రయాణమునకు ముందు ఆ చిన్న పక్షులు ఆపక తిని చర్మము క్రింద పచ్చని క్రొవ్వు పోగుచేసికొనును. వేలకొలది మైళ్ల దారికి అదియే వాని సద్దిమూట.

ఈ పరిశీలన ఫలితములు సంఘపత్రికలో 1933, 1934 సంవత్సరములలో భాగములుగ ప్రకటింపబడెను. సేకరించిన చర్మములను ఇంగ్లండులో పరీక్షించి వివరణలు చేర్చినవాడు ఎవ్వరనుకొందురు? ఒకనాడు కోపగించిన ఆ విస్లరే.

ఇట్టి లెక్కలు వ్రాసియుంచుట వలన ప్రయోజనమేమని అడుగువారున్నారు. రాబందుల కథ చూడుడు. ఆ కాలమున చచ్చిన పశువు ఊరిబయట పడినచో గంటలోపల రాబందులు దానిని ఎముకలగూడుగా మిగిల్చెడివి. వాని నెవ్వరును అపురూపముగ చూడలేదు. 1990 తరువాత అవి దేశమంతట కుప్పకూలి నశించెను. పశువులకు నొప్పి తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరము ద్వారా వాని మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో తేలెను. 2006లో పశువైద్యమున ఆ మందును నిషేధించిరి. 2013 నాటికి ప్రాణహిత సమీపమున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టమీద కొన్ని పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకొనియున్న సంగతి తెలిసి అటవీశాఖవారు కాపలా పెట్టిరి. పూర్వము ఎన్ని యుండెనో వ్రాసిపెట్టినవారు లేకున్న, పోయినదెంతయో మనకు తెలియదు గదా!

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చి, గ్వాలియరు, ఇందూరు, భోపాలు మున్నగు సంస్థానములలో ఇట్టి పరిశీలనలు జరిగెను. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరము తెహ్మీనా మరణించెను. ఇరువది ఏండ్ల సాహచర్యము అంతటితో తెగెను. వారికి సంతానము లేదు. సలీం అలీ బొంబాయిలో తన అక్క ఇంట చేరి, మరల వివాహమాడక, మిగిలిన జీవితమంతయు పక్షులకే అర్పించెను.

1941లో ఆయన భారతదేశపు పక్షులను గూర్చి రంగుల బొమ్మలతో ఒక పుస్తకము ప్రకటించెను. పండితులకే గాక పామరులకును పనికివచ్చునట్లు వ్రాసిన పుస్తకమది. ఎన్నో ముద్రణలు పొందెను. జవహర్‌లాల్ నెహ్రూ దానిని తన కుమార్తె ఇందిరకు బహుమానముగ పంపెను. ఆ ఒక్క పుస్తకము వలన ముందుముందు పక్షులకు కలిగిన మేలు తక్కువది కాదు.

1945లో ఆయన కైలాస మానససరోవర యాత్ర చేసెను. అందరును దేవుని కొరకు పోవు ఆ దారిలో ఆయన పక్షుల కొరకును పోయెను. మన శ్రీరాంసాగరము వంటి పెద్ద జలాశయములకు చలికాలమున తలపై రెండు నల్లని చారలుగల బూడిదవన్నె బాతులు వచ్చును. కవులు చెప్పిన హంస ఇదియే యని కొందరి ఊహ. దానికిని, జక్కవకును టిబెట్టు సరస్సులు జన్మభూములు. ఆ బాతులు హిమాలయములను దాటునపుడు సుమారు 7,000 మీటర్ల ఎత్తున ఎగురునని ఇటీవల వాని మెడలకు, వీపులకు కట్టిన యంత్రముల వలన తెలిసినది. మనిషికి ఊపిరి అందని ఎత్తు అది.

సలీం అలీ కాలమున ఆ యంత్రములు లేవు. ఉన్నది ఉంగరమే. పక్షి కాలికి తేలికయైన లోహపు ఉంగరము తొడిగి, దానిపై ఒక అంకెను, బొంబాయి సంఘమునకు తెలుపుడను విన్నపమును చెక్కి విడువవలెను. ఎచటనో ఎవ్వరో దానిని పట్టి ఉత్తరము వ్రాసినచో దాని దారి తెలియును. వేయింటికి తొడిగినచో కొన్నిటి వార్తయే తిరిగి వచ్చును. మన దేశమున ఈ పని 1927లో ధారు సంస్థానమున కొలదిగ మొదలై ఆగిపోయెను. దానిని పెద్దయెత్తున జరిపించు అవకాశము ఒక జ్వరము వలన కలిగెను. 1957లో మైసూరు రాష్ట్రపు షిమోగా జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడెను, మనుష్యులును జబ్బుపడిరి. ఆ రోగపు క్రిమి రష్యాలో వసంత గ్రీష్మములలో వచ్చు ఒక మెదడుజ్వరపు క్రిమిని పోలియుండెను. వలసపక్షుల ఒంటినంటిన గోమారులు దీనిని అక్కడినుండి తెచ్చెనేమో యని సందేహము పుట్టెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ ధనసహాయము చేసెను. సలీం అలీ నాయకత్వమున వేలకొలది పక్షులకు ఉంగరములు తొడిగిరి. పక్షులే జ్వరమును తెచ్చెననుటకు గట్టి సాక్ష్యము దొరకలేదు. కాని మన చెరువుల బాతులు సైబీరియాకు, కజకస్తానమునకు పోవు సంగతి ఉత్తరముల మూలమున రూఢియయ్యెను.

ఆ పనికి ముఖ్యస్థానములలో ఒకటి రాజస్థానములోని భరత్‌పూరు. అచటి కేవలాదేవు సరస్సు మహారాజుల వేటతావు. 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువును, ఆయన అతిథులును ఒక్క దినమున 4,273 పక్షులను కూల్చిరి. ఆ దినము సలీం అలీకి నలుబదిరెండేండ్లు నిండెను. స్వాతంత్ర్యానంతరము ఆ సరస్సును ఎండగట్టి సాగుభూమిగ పంచవలెనని స్థానికులు పట్టుబట్టిరి. భూమి లేని రైతు భూమి కోరుట అన్యాయమని ఎవ్వరనగలరు? అయినను ఆ నీరు పోయినచో దూరదేశపు పక్షులకు మరి దిగుటకు చోటు లేదు. సలీం అలీ ప్రధాని నెహ్రూకు సంగతి విన్నవించెను. సరస్సు నిలిచెను. 1982లో అది జాతీయోద్యానమయ్యెను. బొంబాయి సంఘము ధనము లేక క్షీణించుచున్నప్పుడును ఆయన నెహ్రూకే వ్రాసి సహాయము తెచ్చెను.

ఆయన గంభీరుడైన పండితుడని మాత్రమే తలపకుడు. మోటారుసైకిళ్లన్న ఆయనకు చిన్నపిల్లవాని మోజు. 1950లో స్వీడను దేశపు ఉప్సాలా నగరమున ప్రపంచ పక్షిశాస్త్రజ్ఞుల మహాసభ జరిగెను. ఆయన తన సన్‌బీమ్ మోటారుసైకిలును ఓడలో వేసికొనిపోయి, ఐరోపా దేశములలో దానిపై తిరిగి, దుమ్ముకొట్టుకొని సభకు చేరెను. ఆయన భారతదేశమునుండి దానిమీదనే వచ్చెనని సభలో కొందరు నమ్మిరట! అప్పటికాయనకు 53 ఏండ్లు.

అమెరికా పండితుడగు డిల్లన్ రిప్లీతో కలిసి ఆయన వ్రాసిన భారత పాకిస్తాను పక్షుల మహాగ్రంథము 1968 నుండి 1974 వరకు పది సంపుటములుగ వెలువడెను. నేటికిని అది ప్రామాణికము. ప్రభుత్వము 1958లో పద్మభూషణమును, 1976లో పద్మవిభూషణమును ఇచ్చెను. ఆ దశకముననే లభించిన గెట్టీ బహుమానపు 50,000 డాలర్లను ఆయన ప్రకృతి సంరక్షణ నిధికే ఇచ్చివేసెను. పట్టము లేదని ఉద్యోగమునకు త్రోసిపుచ్చబడినవానికి పిమ్మట విశ్వవిద్యాలయములు డాక్టరు బిరుదములు ఇచ్చెను. కేరళములోని సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్టలో మునుగకుండ కాపాడుటకు జరిగిన పోరాటమున ఆయన మాటయు బలమయ్యెను. ఆ లోయ 1984లో జాతీయోద్యానమయ్యెను. 1985లో ఆయనను రాజ్యసభ సభ్యునిగ నియమించిరి.

ఇక జెర్డను కథ. కడప, నెల్లూరు ప్రాంతపు ముండ్లపొదలలో రాత్రివేళ సంచరించు కలివికోడి అను పక్షిని 19వ శతాబ్దపు నడుమ శాస్త్రలోకమునకు పరిచయము చేసినది ఆయనయే. 1900 తరువాత అది ఎవ్వరి కంటను పడలేదు. ఆ జాతి అంతరించెనని అందరును నమ్మిరి. సలీం అలీ సంఘమువారు మాత్రము దాని చిత్రపటములను పల్లెజనులకు చూపుచు వెదకుట మానలేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపమున, పక్షుల జాడలెరిగిన ఒక పల్లెవేటకాని సాయముతో, సంఘపు యువశాస్త్రవేత్త ఆ పక్షిని మరల కనుగొనెను. ఎనుబదియైదేండ్లకు పైగా పుస్తకములలో మాత్రమే ఉండిన పక్షి అది. ఆ వార్త విన్ననాటికి సలీం అలీకి ఎనుబదితొమ్మిదేండ్లు.

మరుసటి యేడు, 1987 జూన్ 20వ తేదీన, ఆయన బొంబాయిలో దివంగతుడయ్యెను. కలివికోడి నివసించు లంకమల అడవిని 1988లో అభయారణ్యముగ ప్రకటించిరి. 1990లో కోయంబత్తూరున ఆయన పేర పక్షిశాస్త్ర పరిశోధనాకేంద్రము వెలసెను. పసుపుగొంతు పిచ్చుకను చేతబట్టుకొని ఆయన ఒకనాడు మెట్లెక్కిన బొంబాయి సంఘము నేటికిని వలసపక్షుల కాళ్లకు ఉంగరములు తొడిగి విడుచుచునే యున్నది.